గేరుపెట్టె నేర్పిన పాఠం

కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్యాసం ఇవ్వవలసిందిగా సంపాదకవర్గం వారు ప్రతి ఏటా కోరుతూనే ఉన్నారు. నేనూ ప్రతి ఏటా ప్రబంధాల నుండో, శతకాల నుండో ఒక అంశాన్ని ఎన్నుకొని నాలుగు పుటలు నింపి ఇస్తూనే ఉన్నాను. ఈ సంవత్సరం మాత్రం నా వ్యాసవస్తువు ఒక మోటారుకారు గేరుపెట్టె. తెలుగు పంతులుకు యంత్రాలతో పనేమిటని విద్యార్థులు నవ్వుకోవచ్చు. గడచిన వేసవి సెలవుల వరకు నాకూ వాటితో పనిలేదు. ఆ సెలవుల్లో మా అన్నగారి నోట విన్న ఒక సంగతి నన్ను రెండు విధాల దోషిగా నిలబెట్టింది. అందులో ఒక దోషం 2010 నాటిది, ఇంటికి సంబంధించినది. రెండవది మన కళాశాలలోనే, నా తరగతి గదిలోనే జరిగినది. ఆ రెంటినీ ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అన్నగారిని ఇంట్లో మేమంతా భాయీజాన్ అని పిలుస్తాము. కడప ప్రాంతం నుండి బ్రతుకుతెరువుకై కువైత్ చేరిన వేలాది మందిలో ఆయన ఒకరు. నాయనగారు గతించిన తరువాత ఇంటి బరువు ఆయన మీద పడింది. కడపలో ఒక మెకానిక్కు షెడ్డులో నేర్చిన పనిని పెట్టుబడిగా పెట్టుకొని 2004లో విమానమెక్కారు. కువైత్ నగరంలో షువైఖ్ అనే పారిశ్రామిక వాడ ఉన్నది. వీధుల పొడుగునా మోటారు గ్యారేజీలు, విడిభాగాల అంగళ్లు, పాత బండ్లను విప్పి అమ్మే దుకాణాలు. అక్కడ ఒక గ్యారేజీలో ఆయన చాలా ఏండ్లు పనిచేసి, 2019లో శాశ్వతంగా ఇంటికి వచ్చేశారు.

మొన్నటి వేసవిలో ఒక సాయంత్రం మేమందరమూ ముంగిట్లో కూర్చొని ఉన్నాము. పాలిటెక్నిక్ చదువుతున్న ఆయన కుమారుడు చేతిలో ఫోను పట్టుకొని వచ్చాడు. ఒక కారులోని ఆటోమేటిక్ గేరుపెట్టెను ఊడదీసి మరొక నమూనా కారులో బిగిస్తున్న దృశ్యం అందులో నడుస్తున్నది. వాడు చూసి చూసి, "అబ్బాజాన్, ఇందులో కష్టమేముంది? బోల్టులు సరిపోతే చాలు కదా!" అన్నాడు. భాయీజాన్ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "బోల్టులు సరిపోయాయని నమ్మే నేను ఒకప్పుడు నాలుగు నెలల జీతం సగానికి సగం పోగొట్టుకొన్నాను. కూర్చో, చెబుతాను" అన్నారు.

ఆయన చెప్పినది నాకు అర్థమైనంత వరకు, విద్యార్థులకు తెలిసే మాటల్లో చెబుతాను.

చేతితో గేరు మార్చే బండిలో డ్రైవరు క్లచ్చి తొక్కి, కడ్డీ కదిలించి, ఎప్పుడు ఏ గేరు కావాలో తానే నిర్ణయిస్తాడు. ఆటోమేటిక్ బండిలో ఆ నిర్ణయం గేరుపెట్టెదే. ఇంజను వెనుక టార్కు కన్వర్టరు అనే గుండ్రని డొల్ల ఉంటుంది. దాని నిండా ఒక రకమైన నూనె. రెండు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని తిప్పితే ఆ గాలికి రెండవది కూడా తిరగడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ గాలికి బదులు నూనె. ఇంజను వైపు రెక్కలు నూనెను చిమ్ముతాయి. ఆ నూనె ఎదుటి రెక్కలను తిప్పుతుంది. దాని వెనుక, సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగినట్లు, నడిమి పళ్లచక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే ఏర్పాటు ఉంటుంది. వాటిలో దేనిని పట్టి ఆపాలి, దేనిని వదలాలి అనే దానిని బట్టి గేరు మారుతుంది. ఆ పట్టుకొనే పని క్లచ్ బిళ్లలది. ఆ బిళ్లలను అదిమి ఉంచే బలం మళ్లీ నూనెదే. బలం మోసేదీ, ఆజ్ఞ అందించేదీ, వేడి తగ్గించేదీ అన్నీ ఆ నూనె ఒత్తిడే. ఆ ఒత్తిడి తక్కువైతే బిళ్లలు గట్టిగా పట్టవు, జారుతాయి, జారితే కాలిపోతాయి. ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకొంటే తక్కిన కథ అర్థమవుతుంది.

ఒక బండి గేరుపెట్టెను మరొక బండికి బిగించడం బీద దేశాల షెడ్లలో పుట్టిన అతుకుల పని అని మనం అనుకొంటాము. అది సరికాదు. జనరల్ మోటార్స్ సంస్థ హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుపెట్టెను 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్ల కోసం 1939లో బయటికి తెచ్చింది. తరువాత అది ఆ సంస్థవే అయిన కాడిలాక్, పాంటియాక్ కార్లలోకీ ప్రవేశించింది. ప్రత్యర్థి అయిన ఫోర్డు సంస్థ కూడా తన లింకన్ కార్లకు 1949 నుండి కొన్ని ఏండ్లు ఆ గేరుపెట్టెనే కొని వాడింది. 1953 ఆగస్టు 12న మిషిగన్ రాష్ట్రంలోని లివోనియాలో ఆ గేరుపెట్టెలు తయారయ్యే కర్మాగారం అగ్నికి ఆహుతి అయింది. ఇనుము కోసే టార్చి నుండి ఎగసిన నిప్పురవ్వ ఒకటి అంతటి భవనాన్ని బూడిద చేసింది. కార్మికులు కొందరు ప్రాణాలు కోల్పోయారు. కార్లు సిద్ధంగా ఉన్నాయి; గేరుపెట్టెలు లేవు. అప్పుడు కాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్ కార్లకు బ్యూయిక్ వారి డైనాఫ్లో గేరుపెట్టెను, పాంటియాక్ కార్లకు షెవర్లే వారి పవర్‌గ్లైడ్ గేరుపెట్టెను అమర్చి పని గడుపుకొన్నారు. ఈలోగా యుద్ధకాలంలో బాంబర్ విమానాలు తయారైన విల్లో రన్ కర్మాగారాన్ని తీసుకొని హైడ్రామాటిక్ తయారీని మళ్లీ మొదలుపెట్టారు.

రాజులకూ శ్రీమంతులకూ బండ్లు తయారుచేసే రోల్స్ రాయిస్ వారు 1952 నుండి ఆ హైడ్రామాటిక్‌నే అనుమతి పొంది వాడుకొన్నారు. 1965లో వచ్చిన వారి సిల్వర్ షాడో కారుకు తరువాత కాలంలో అమెరికావారి టర్బో హైడ్రామాటిక్ 400 గేరుపెట్టె వచ్చింది. జాగ్వార్ సంస్థ కూడా 1977లో తన పన్నెండు సిలిండర్ల కార్లకు అదే గేరుపెట్టెను తెచ్చుకొన్నది. కాబట్టి ఒక ఇంటి వస్తువు మరొక ఇంట ఇమడడం అసాధ్యమూ కాదు, అవమానమూ కాదు. కాని ఆ పని చేసినవారు ఏ జాగ్రత్తలు తీసుకొన్నారన్నదే ప్రశ్న.

ఇక భాయీజాన్ కథ. 2010 వేసవి చివర ఒక కువైత్ యువకుడు 1979 నాటి షెవర్లే కప్రీస్ కారును గ్యారేజీకి తెచ్చాడు. ఆ దేశాల్లో కప్రీస్ అంటే ఒక అభిమానం. తండ్రుల కాలపు బండి అని ప్రాణంగా చూసుకొంటారట. దానిలో టర్బో హైడ్రామాటిక్ 350 అనే మూడు గేర్ల పెట్టె ఉన్నది. మూడవ గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనుక షాఫ్టూ ఒక చుట్టే తిరుగుతుంది. ఎడారి రహదారి మీద వేగంగా వెళ్లేటప్పుడు ఇంజను అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది. 1982 నుండి వచ్చిన 700ఆర్4 అనే పెట్టెకు నాలుగు గేర్లు. నాలుగవ దాని నిష్పత్తి 0.70. అంటే పాతదానితో నిమిషానికి 3000 చుట్లు తిరగవలసిన ఇంజను దీనితో 2100 చుట్లతోనే అదే వేగం అందుకొంటుంది. పైగా మొదటి గేరు నిష్పత్తి పాతదానిలో 2.52 అయితే దీనిలో 3.06, కనుక కదలికలోనూ బలం ఎక్కువ. ఈ లాభం చూసి, పాత బండ్లు విప్పే దుకాణం నుండి 1988 నాటి కప్రీస్‌లోని 700ఆర్4ను తెచ్చి బిగించమన్నాడు ఆ యువకుడు.

భాయీజాన్ మొదట చూసినది బోల్టుల వరుస. జనరల్ మోటార్స్ అన్నది ఒకే సంస్థ అయినా షెవర్లే ఇంజన్లకు ఒక వరుస, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబీల్, పాంటియాక్ ఇంజన్లకు మరొక వరుస ఉండేవి. ఇక్కడ రెండూ షెవర్లేవే, సరిపోయింది. పెట్టెలోకి పోయే షాఫ్టు మీది పళ్లు లెక్కపెట్టారు. తొలినాటి 700ఆర్4లకు 27 పళ్లు, తరువాతి వాటికి 30. పెట్టెకు తగిన కన్వర్టరునే తీసుకొన్నారు. కన్వర్టరును లోపలికి తోసేటప్పుడు అది మెట్టుమెట్టుగా కూర్చోవాలి. చివరి మెట్టు కూర్చోకముందే బోల్టులు బిగిస్తే పెట్టెలోని పంపు పగిలిపోతుంది. దానినీ సరిచూశారు. కొత్త పెట్టె ఆ బండిలోని పాతదాని కంటె సుమారు 3 అంగుళాలు పొడవు. అందుకని వెనుక చక్రాలకు పోయే షాఫ్టును కోయించి పొట్టి చేయించారు. పెట్టెను మోసే అడ్డకమ్మిని వెనక్కు జరిపారు. మూడు రోజులు శ్రమపడ్డారు. ఎక్కడా ఒక్క బోల్టు కూడా బలవంతంగా బిగించలేదు.

మిగిలినది ఒక సన్నని తీగ.

కార్బ్యురేటరు దగ్గర, పెడలు నొక్కితే కదిలే మీట నుండి గేరుపెట్టెలోకి ఒక ఉక్కు తీగ పోతుంది. పాత పెట్టెకూ అటువంటి తీగ ఉన్నది, కొత్తదానికీ ఉన్నది. చూడడానికి రెండూ అక్కచెల్లెళ్లు. పాత పెట్టెలో ఆ తీగ పని చాలా చిన్నది. డ్రైవరు పెడలును అడుగంటా నొక్కినప్పుడు మాత్రం 'కింది గేరుకు దిగు' అని చెబుతుంది. ఇంజను మీద భారమెంత ఉన్నదో తెలుసుకొని నూనె ఒత్తిడిని సవరించే పని పక్కన ఉన్న మరొక చిన్న డబ్బీది. అది ఇంజను లోపలి గాలి వెలితిని బట్టి పనిచేస్తుంది. తీగ తెగిపోయినా పాత పెట్టెకు ప్రాణాపాయం లేదు. కొత్త పెట్టెలో ఆ డబ్బీ లేదు. డ్రైవరు పెడలును ఎంత నొక్కుతున్నాడో, ఎంత బలం వస్తున్నదో, బిళ్లలను ఎంత ఒత్తిడితో అదమాలో, అంతా ఆ తీగే చెప్పాలి. ఒకదానిలో సహాయకుడైనవాడు మరొకదానిలో ప్రాణదాత.

భాయీజాన్ కొత్త తీగనే బిగించారు. కాని పాత కార్బ్యురేటరు మీటకు పాత తీగ తగిలించిన రంధ్రంలోనే తగిలించారు. ఆ రంధ్రం దూరం కొత్త పెట్టె కొలతకు తగినది కాదు. పెడలు సగం నొక్కినప్పుడు తీగ లాగవలసినంత లాగలేదు. పైకి అంతా బిగుతుగానే ఉన్నది. తీగ కదులుతూనే ఉన్నది. ఎవరికీ అనుమానం రాలేదు.

"బండిని వాడలో నాలుగు చుట్లు తిప్పి చూశాను. గేరు మారడం తెలియనే లేదు. వెన్న మీద కత్తి నడిచినట్లు ఉంది. ఇంత మెత్తగా నడిచే పెట్టెను నా చేతులతో ఎన్నడూ బిగించలేదని మురిసిపోయాను. ఆ అబ్బాయి నా భుజం తట్టి వెళ్లాడు" అన్నారు భాయీజాన్.

ఆ తరువాత ఆయన అన్న మాటను ఉన్నది ఉన్నట్లుగా వ్రాస్తున్నాను: "ఆ మెత్తదనమే రోగం తమ్ముడూ. నూనె ఒత్తిడి చాలక బిళ్లలు గట్టిగా పట్టడం లేదు. గట్టిగా పట్టితే ఒక చిన్న కుదుపు తెలియాలి. కుదుపు లేదంటే పట్టు లేదని అర్థం. నాకు ఆనాడు అది తెలియదు."

మూడవ రోజున ఆ కారును మరొక బండి లాక్కొచ్చింది. రహదారి మీద నాలుగవ గేరులో పోతూ పోతూ ఇంజను ఉన్నట్లుండి రయ్యిమని అరిచి, బండి నెమ్మదించిందట. నూనె కొలిచే కడ్డీ బయటికి తీస్తే ఎర్రగా ఉండవలసిన నూనె నల్లగా మారి, కాలిన వాసన కొట్టింది. పెట్టె విప్పితే మూడవ, నాలుగవ గేర్లకు పనిచేసే క్లచ్ బిళ్లలు మాడి పెళుసుబారి ఉన్నాయి.

తప్పు ఎవరిదని గ్యారేజీ యజమాని అడిగాడు. పాత బండి నుండి తీసిన పెట్టె గనుక 'దుకాణం వాడు చెడ్డ సరుకు ఇచ్చాడు' అంటే నమ్మేవారే. పక్కన పనిచేసేవారు అలా చెప్పమని చెవిలో అన్నారు కూడా. భాయీజాన్ అప్పటికే తీగ తగిలించిన రంధ్రం చూసి తెలుసుకొన్నారు. తప్పు నాదే అన్నారు. మరొక పెట్టె ఖరీదు ఆయన జీతంలో నెలకు 60 దినార్ల వంతున నాలుగు నెలలు కోసుకొన్నారు. అది రంజాను నెల. 2010లో రంజాను ఆగస్టులో వచ్చింది; కువైత్ ఎండ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పగలు ఉపవాసంతో మామూలు పని చేసి, రాత్రి తరావీహ్ నమాజు ముగిసిన తరువాత కూలి లేకుండా ఆ రెండవ పెట్టెను బిగించారు. ఈసారి మీటకు కొలత సరిచేసే పట్టీ పెట్టి, పెట్టెకు ఒత్తిడి గేజి తగిలించి, ముల్లు ఎంత చూపుతున్నదో కళ్లారా చూసిన తరువాతే బండిని కదిలించారు. "ఆనాటి నుండి గేజి చూడకుండా ఏ బండినీ బయటికి పంపలేదు" అన్నారు.

ఆయన కుమారుడు శ్రద్ధగా విన్నాడు. నాకు మాత్రం నడుమనే చెవులు మూసుకుపోయాయి. 2010 ఆగస్టు, నాలుగు నెలలు అన్న మాటలు విన్న క్షణం నుండి నా మనస్సు వేరొక చోటికి పోయింది.

ఆ ఏట నేను తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ద్వితీయ సంవత్సరంలో ఉన్నాను. నా ఫీజు, భోజనం ఖర్చు భాయీజాన్ పంపే డబ్బుతోనే నడిచేవి. ఆగస్టులో డబ్బు తగ్గింది. సెప్టెంబరులో కడపలో అమ్మకు మాత్రమే కొంత అందింది, నాకు రాలేదు. ఫీజు గడువు దాటుతున్నది. ఒక మిత్రుడు అప్పు ఇచ్చాడు. భోజనశాల యజమాని పుణ్యాత్ముడు, రెండు నెలలు అరువు పెట్టాడు. అటువంటి రోజుల్లో ఒక రాత్రి భాయీజాన్ ఫోను చేశారు. నేను నోటికి వచ్చినట్లు మాట్లాడాను. పెద్దకొడుకు అన్న బాధ్యత సముద్రం దాటగానే మరచిపోయారా అన్నాను. చదివించలేకపోతే ముందే చెప్పవలసింది, నేనూ షెడ్డులో చేరి ఉండేవాడిని అన్నాను. అటువైపు నుండి కొంతసేపు మాట లేదు. తరువాత "సరే తమ్ముడూ, చూస్తాను" అని ఫోను పెట్టేశారు. డిసెంబరు నుండి డబ్బు ఎప్పటివలెనే వచ్చింది. నేను కారణం అడగలేదు; ఆయన చెప్పలేదు. ఆ మౌనాన్ని నేను ఆయన తప్పుకు ఒప్పుకోలుగా భావించి, లోపల ఒక చిన్న కోపాన్ని ఇన్ని ఏండ్లు దాచుకొన్నాను.

ముంగిట్లో ఆ సాయంత్రం, "ఆనాడే ఎందుకు చెప్పలేదు భాయీజాన్?" అని అడిగాను. ఆయన నవ్వి, "నీకు పరీక్షలు కదా. చెబితే చదువు మానేసేవాడివి. నీవు అన్న మాటే నాకు భయం వేసింది, షెడ్డులో చేరుతానన్న మాట" అన్నారు. నేను ఇంకేమీ అనలేకపోయాను. ఆయన చేయి పట్టుకొని కూర్చొన్నాను. క్షమాపణ అడిగానా అంటే, అడిగాను. అంత ఆలస్యంగా అడిగిన క్షమాపణకు విలువ ఎంతో నాకు తెలియదు. ఆయన మాత్రం అది నిన్ననే తీరిన అప్పు వలె తేలికగా తీసుకొన్నారు.

ఇది ఇంటి సంగతి. ఇక్కడితో ముగిసి ఉంటే వార్షిక సంచికకు ఎక్కించవలసిన పని లేదు. ఆ రాత్రి నిద్ర పట్టక, 'మెత్తదనమే రోగం' అన్న మాటను తలపోస్తూ ఉండగా, నాకు మన కళాశాల విద్యార్థి ఒకడు జ్ఞాపకం వచ్చాడు. అతని పేరు వ్రాయను.

గత విద్యాసంవత్సరంలో, ఉర్దూ మాధ్యమంలో ఇంటర్మీడియెట్ వరకు చదివి వచ్చిన ఆ అబ్బాయి ద్వితీయ భాషగా తెలుగు తీసుకొన్నాడు. ఊళ్లో అర్జీలు, లెక్కలు, రిజిస్ట్రేషను కాగితాలు అన్నీ తెలుగులోనే కదా, నేర్చుకొంటానని అతని కోరిక. మార్కులు ఉన్నాయి, ధ్రువపత్రాలు సక్రమంగా ఉన్నాయి, సీటు ఖాళీగా ఉన్నది. బోల్టులన్నీ సరిపోయాయి. చేర్చుకొన్నాము.

మొదటి త్రైమాసిక పరీక్షలో కుటుంబ ఐక్యత మీద వ్యాసం వ్రాయమన్నాను. అతడు ఇలా వ్రాశాడు: 'ఇద్దరు అన్నదమ్ములు రాజీనామా వ్రాసుకొని ఆనందముగా కలిసి ఉన్నారు.' నేను ఎర్రసిరాతో కొట్టివేశాను. అంతటితో ఊరుకోక, తరగతిలో దానిని చదివి వినిపించాను. అన్నదమ్ములు ఏ ఉద్యోగానికి రాజీనామా చేశారయ్యా అన్నాను. తరగతి గొల్లుమన్నది. ఆ అబ్బాయి కూడా నవ్వాడు.

ఇక్కడ తప్పు ఎవరిది? ఉర్దూ విభాగం మిత్రులు ఈపాటికే గ్రహించి ఉంటారు. ఉర్దూలో రాజీనామా అంటే ఇరుపక్షాలు ఒప్పుకొని వ్రాసుకొనే ఒప్పందపత్రం. ఉద్యోగం వదలుకోవడాన్ని ఇస్తీఫా అంటారు. తెలుగులోకి వచ్చిన తరువాత రాజీ అన్న మాట సంధికి నిలిచింది గాని, రాజీనామా అన్న మాట ఉద్యోగం వదలుకొనే లేఖగా స్థిరపడిపోయింది. అదే మాట, అవే అక్షరాలు; పని మారిపోయింది. ఆ అబ్బాయి తన ఇంటి మాటను సరిగానే వాడాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు చెప్పే నేనే ఆ సంగతి చెప్పవలసినవాణ్ణి. పాత మీట రంధ్రంలో కొత్త తీగ తగిలించిన మెకానిక్కుకు కనీసం ఆ తేడా తెలియదు. నాకు తెలుసు, తెలిసీ నవ్వించాను.

ఆనాటి నుండి ఆ అబ్బాయి తరగతిలో నోరు విప్పలేదు. ప్రశ్న అడగడు, అల్లరి చేయడు, వ్రాయమన్నది నల్లబల్ల మీద చూసి వ్రాసుకొంటాడు. నేను సంతోషించాను. సహోపాధ్యాయులతో 'కుర్రవాడు బాగా సర్దుకొన్నాడు' అని అన్నాను కూడా. ఏ కుదుపూ లేకుండా నడుస్తున్నాడని మురిసిపోయాను. సంక్రాంతి సెలవుల తరువాత అతడు కళాశాలకు రాలేదు. హాజరు పట్టీలో పేరు ఎదుట కొన్ని వారాలు సున్నలు చుట్టి, ఆ తరువాత ఆ పేరునే మరచిపోయాను.

భాయీజాన్ కథ విన్న మరునాడే కడప నుండి బయలుదేరి వచ్చి, ఆ అబ్బాయి ఇంటిని వెదుక్కొంటూ వెళ్లాను. అతడు ఒక పరుపుల దుకాణంలో పనిచేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి సలాము చేశాడు. నేను చెప్పదలచుకొన్నది చెప్పాను: నీవు వ్రాసినది తప్పు కాదు, రెండు భాషల్లో ఆ మాటకు రెండు పనులు ఉన్నాయి, అది చెప్పకుండా నిన్ను నవ్వులపాలు చేయడం నా తప్పు అని. అతడు తల వంచుకొని, "అర్థం కాక కాదు సార్, అడిగితే మళ్లీ నవ్వుతారని" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు గేజి మీద ముల్లు పడిపోయినట్లు కనిపించింది.

జూనులో అతడు తిరిగి వచ్చాడు. తప్పిన పరీక్షలు వ్రాసుకొంటూ చదువుతున్నాడు. ఇప్పుడు తప్పులు ఎక్కువగానే చేస్తున్నాడు. ప్రశ్నలు కూడా ఎక్కువగానే అడుగుతున్నాడు. తరగతి నడక మునుపటి వలె మెత్తగా లేదు. నాకు అది సంతోషంగా ఉన్నది.

కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. ఉర్దూ నుండి తెలుగుకు, తెలుగు నుండి ఉర్దూకు వచ్చే పిల్లలు మనకు ప్రతి ఏటా ఉంటారు. ప్రవేశ సమయంలో మనం చూసేది బోల్టుల వరుస మాత్రమే. అది చూడవలసినదే, కాని చాలదు. వారానికి ఒక గంట, రెండు విభాగాల అధ్యాపకులు కలిసి కూర్చొని, ఆ పిల్లలకు రెండు భాషల్లోనూ ఉన్న మాటల తేడాలు చెప్పి, వారి సందేహాలు వినే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. ఖర్చు ఏమీ లేదు. ఒక గది, ఇద్దరు మనుషులు చాలు. అందులో ఒకరుగా ఉండడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

విద్యార్థులకు ఒక్క మాట. మీరు ఎక్కడెక్కడి నుండో వచ్చి ఇక్కడ ఇమడడానికి ప్రయత్నిస్తున్నారు. రేపు ఇక్కడి నుండి మరొక చోటికి, మరొక భాషలోకి, బహుశా మరొక దేశంలోకి పోతారు. ఇమిడినట్లు కనబడడం కోసం మౌనంగా ఉండకండి. బరువు ఎంత ఉన్నదో పైకి చెప్పండి. భాయీజాన్‌ను మా అన్నకొడుకు చివరకు ఒక ప్రశ్న అడిగాడు: "ఇప్పటి పెట్టెల్లో ఆ తీగ లేదు కదా అబ్బాజాన్?" నిజమే. 1993 నుండి ఆ 700ఆర్4 వంశంలోనే 4ఎల్60ఇ అనే పెట్టె వచ్చింది. తీగకు బదులు కంప్యూటరు ఒత్తిడిని సవరిస్తుంది. భాయీజాన్ తల ఊపి, "తీగ పోయింది. చెప్పే పని పోలేదు" అన్నారు.